ముందు ఒక గాటు, వెనక రెండు

వన్ టౌన్, విజయవాడ
నవంబరు 10

ఛాయా పిన్నీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు. లాజరు మాస్టారు నాకు పరీక్ష పెడతానన్నారు. ప్యాటర్న్ బల్ల దగ్గర! దారాలు కత్తిరించే సాయిశ్రీకి!

ఈ జాకెట్ల యూనిట్లో చేరినప్పట్నుంచీ నా పని ఏంటో నీకు తెలుసుగా. కుట్టి వచ్చిన జాకెట్టు తీసుకో, వేలాడే దారాలు కత్తిరించు, పక్కన పడెయ్, ఇంకోటి తీసుకో. నాకిచ్చిన కత్తెర చిటికెన వేలంత ఉంటుంది. దాంతో ఎంత బాగా కత్తిరించినా ఎవరికీ కనపడదు, ఎందుకంటే నేను తీసేసిందే కదా నా పని! ఒళ్ళు మండిపోతోంది. పక్క గదిలో మంచమంత బల్ల, గోధుమరంగు కాగితం, వంపు స్కేళ్ళు. అక్కడ ఒక గీత కదిలితే కింద అంతస్తులో కుట్టే జాకెట్లన్నీ మారిపోతాయి. నేను మాత్రం దారాలు.

అందుకే నేర్చుకున్నా. ఎవరూ నేర్పలేదు. ఆ గది చెత్తబుట్టలో పారేసిన కాగితాలు ఏరుకొచ్చి, ఫోన్లో వీడియోలు పక్కన పెట్టుకుని, ఒక్కో గుర్తూ పట్టా. బాణాలూ, గాట్లూ, చుక్కల గీతలూ. ప్రపంచంలో ఎక్కడ కుట్టేవాళ్ళకైనా అర్థమవుతాయట! నేను గీసింది చూసి మాస్టారు, "ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?" అన్నారు. "మీ చెత్తబుట్ట దగ్గర సార్," అన్నా. నవ్వలేదాయన.

పరీక్ష ఇదీ. నేనొక జాకెట్టు ప్యాటర్న్ గియ్యాలి. కాగితం కిందకెళ్తుంది, నేను పైనే ఉంటా. కుట్టే మనిషి నన్ను అడక్కూడదు, నేను చెప్పకూడదు. "కాగితమే మాట్లాడాలి," అన్నారు. జాకెట్టు సరిగ్గా వస్తే బల్ల దగ్గర నాకో చోటు. రాకపోతే మళ్ళీ ఆ చిన్న కత్తెర.

అది వినగానే నువ్వే గుర్తొచ్చావు. జ్వరంలో చెవులు పోయినప్పట్నుంచీ నువ్వు ఎవర్నీ ఏమీ అడక్కుండానే జాకెట్లు కుడుతున్నావు కదా. ఫోన్లో బొమ్మ పంపితే తెర మీద గుడ్డ పరవనా అంటావు, అందుకని అసలు కొలతకే గీసి కత్తిరించి, ఉయ్యూరు నుంచి ఇక్కడికి బెల్లం తోలే అంతోని వ్యాన్లో పంపుతున్నా. నా సైజే. పరీక్షకి ముందు నీ చేతిలో చూసుకుంటా, ఇందులో ఏముందో అదే కుట్టు. నీ సొంత తెలివి మాత్రం వాడకు.

దారం ముక్కల మధ్య నుంచి,
సాయిశ్రీ


ఉయ్యూరు
నవంబరు 13

సాయీ,

నా సొంత తెలివి వాడొద్దా? అలాగేనమ్మా. అది నీకంటే పాతది, నాలుగు రోజులు పక్కన పెడితే పాడవదులే.

చెరకు ట్రాక్టర్లు రోడ్డంతా ఆక్రమించుకోవడంతో అంతోని పొద్దుపోయాక వచ్చాడు. మూట విప్పి చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. నువ్వంత కష్టపడి గీస్తే దారిలో ఎలుకలు కొరికేశాయి. భుజం దగ్గర, పక్కల్లో, చెయ్యి మీద, ఎక్కడ చూసినా చిన్న చిన్న గాట్లు. బెల్లం బండిలో ఎలుకలుండవా మరి! నువ్వేం దిగులు పడకు. మైదా ఉడకబెట్టి, వెనక కాగితం ముక్కలు పెట్టి ఒక్కటి కూడా వదలకుండా అతికించేశా. ఎక్కడ కొరికాయో ఇప్పుడు నువ్వు కూడా పట్టుకోలేవు.

వెనక భాగం సగమే పంపావు. అక్కడ కాగితానికి కరువొచ్చిందా? రెండు సగాలు కత్తిరించి వీపు నడుమ కుట్టేశా. ముందు భాగంలో రెండు మొనల బాణం గీశావు, అది పొడవు కాబోలనుకున్నా. కొలిస్తే జానెడు. మనిషి చిక్కిపోవడం విన్నాను గానీ ఇలా పొట్టయిపోవడం ఎక్కడుందే? అడక్కూడదన్నావు కాబట్టి అడగలేదు. జానెడుకే కుట్టా. పక్కింటి రమాసుందరి గారి మనవరాలికి భలే సరిపోయింది. ఆ పిల్ల విప్పనని గోల.

పెళ్ళిళ్ళ రోజులు. జాకెట్లు నా మెడదాకా ఉన్నాయి. అయినా నీది ముందు కుట్టానని గుర్తుంచుకో.

పిన్ని


వన్ టౌన్
నవంబరు 15

గాట్లు అతికించావా పిన్నీ!

అన్నం తింటూ చదివి పొలమారి చచ్చా. నాతో పాటు దారాలు కత్తిరించే శాంభవి నెత్తి మీద కొడుతూ, "ఏంటే, ఎవరికేమైంది?" అని భయపడింది. కొరికింది ఎలుకలు కాదు తల్లీ, నేను! కొలిచి కొలిచి కోశా వాటిని. ఒక ముక్క మీది గాటు, ఇంకో ముక్క మీది గాటు ఎదురెదురుగా పెడితే ఆ రెండూ అక్కడే కలవాలని అర్థం. అంతేగానీ అలంకారం కాదు.

కోపం కూడా వచ్చింది, దాచను. కింద కుట్టేవాళ్ళకి ఈ గుర్తులన్నీ వచ్చు, నీకే చెప్పాలి. విను. రెండు మొనల బాణం పొడవు కాదు. నువ్వు గుడ్డ కత్తిరించే ముందు రెండు చేతుల్తో లాగి, "ఇటు సాగట్లేదు, ఇదీ దారి," అంటావు చూడు, ఆ దారే ఆ బాణం. గుడ్డ అంచు ఎటు పోతుంటే బాణం అటే పోవాలి, పక్కకి వాలిందా జాకెట్టు ఒంటి మీద మెలి తిరుగుద్ది. ఇక రెండు కొనలూ అంచు వైపు వంగిన బాణం ఉంది కదా, అది మడత. గుడ్డ మడిచి, ఆ అంచు మడత మీద పెట్టి కత్తిరిస్తే సగం కాగితంతోనే మొత్తం వీపు వచ్చేస్తుంది. వీపు నడుమ కుట్టేంటి! కోణం లాగా ఉన్నది డాట్, గుడ్డ మడిచి మొనదేలేట్టు కుట్టేది, అది నీకు తెలుసు. బయటి గీత కత్తెరకి, లోపలి చుక్కల గీత సూదికి. మీ ఉయ్యూరు వాళ్ళు లావైతే విప్పుకోవడానికి నువ్వు లోపల వేలెడు గుడ్డ వదుల్తావే, ఇక్కడ అలా వదలం. గీసినంతే.

మళ్ళీ గీసి పంపుతున్నా. నెలాఖర్లో పరీక్ష. నీ చేతిలో సరిగ్గా వస్తే ఎవరి చేతిలోనైనా వస్తుంది. అతికించావో, ఊరుకోను.

సాయిశ్రీ అనే ఎలుక


ఉయ్యూరు
నవంబరు 22

ఎలుకా,

నీ జాకెట్టు, నీ కాగితం ఇదిగో. అంతోనిని తొక్కొద్దని, బెల్లం అంటించొద్దని చెప్పా. తల ఊపాడు, విన్నాడో లేదో.

ఇన్నేళ్ళుగా కుడుతున్నా, ఇంత సరదాగా ఎప్పుడూ కుట్టలేదే. ఆ వంగిన బాణం చూస్తే నవ్వొచ్చింది. మడత చూపించాలి కాబట్టి దాన్నే మడిచేశారు, ఎవరో గానీ బుర్ర ఉన్నవాళ్ళు. గాటుకి గాటు పెట్టి కుడితే పక్కలు వాటంతటవే కలిశాయి. ఒక వైపు మిగలడం, ఇంకో వైపు లాగడం, నా గొణుగుడూ, ఏవీ లేవు. చెయ్యి మీది గాటు తీసుకెళ్ళి భుజం కుట్టు దగ్గర పెడితే తాళంచెవి పడ్డట్టు పడింది. నిన్న ఒక పెళ్ళికూతురి జాకెట్టుకి కూడా గాట్లు పెట్టా. వాళ్ళమ్మ చూసి గుడ్డ చిరిగిందని మొత్తుకుంది. చేత్తో సైగ చేసి చెప్పా, ఇది ప్రపంచమంతా ఉందని!

ఒక్క మాట కూడా అడగాల్సిన అవసరం రాలేదు. చేతుల సంగతి సరేసరి, అవి నా కత్తెరకి నిద్రలో కూడా వచ్చు. వేసుకుని చెయ్యెత్తి చూడు. ఎక్కడైనా పట్టేసిందంటే నా పేరు మార్చుకుంటా.

ఛాయాదేవి


వన్ టౌన్
నవంబరు 29

పిన్నీ,

పోయింది. అంతా పోయింది, నీ వల్ల.

నువ్వు కుట్టిన జాకెట్టు దించినట్టు సరిపోయిందని ఎగిరి గంతేశా. కాగితం గెలిచిందనుకున్నా. ఆ జాకెట్టే వేసుకుని, అదే కాగితం మాస్టారు చేతికిచ్చా. కింద మార్త గారు కుట్టారు. పెద్దావిడ, మిషన్ మీద నుంచి తలెత్తరు. కుట్టింది పైకొచ్చింది. మాస్టారు బొమ్మకి తొడిగారు. ముందు చంక దగ్గర గుడ్డంతా ముడతలు పిన్నీ! రెండు వైపులా! వేసుకుని చెయ్యి ముందుకు చాపితే ఆ ముడతలన్నీ ఒక కుప్ప.

నేనూరుకుంటానా? కిందకి దిగి అందరి ముందూ అరిచా. "మీకు కుట్టడం వచ్చా?" అని అడిగేశా. మార్త గారు మిషన్ ఆపి, నా కాగితం నా చేతిలోనే పెట్టి, "నువ్వు గీసిందే కుట్టానమ్మా. చెయ్యి ముక్క మడిచి చూడు, రెండు పక్కలా ఒకటే వంపు. మనిషి చెయ్యి ముందుకే కదా వంగుద్ది? నాకూ డౌటొచ్చింది. అడగొద్దన్నారు, అడగలేదు," అన్నారు. మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టారు.

మాస్టారు నా ఒంటి మీది జాకెట్టు చూసి, "అది ఏ కాగితంతో కుట్టింది?" అన్నారు. "ఇదే సార్." "ఇది కాదు," అన్నారు. అంతే.

టిఫిన్ టైములో నీ చెయ్యి కుట్టు విప్పి కాగితం మీద పరిచా. అప్పుడు కనపడింది. ముందు వైపు వంపు లోపలికి తీసేశావు. అంత సన్నగా తీసి, అంత గుట్టుగా ఊరుకున్నావు. సొంత తెలివి వాడొద్దన్నానా లేదా? నువ్వు తప్పుని తప్పులాగే కుట్టి ఉంటే నాకు ఇంట్లోనే తెలిసేది. యూనిట్ అంతా చూస్తుండగా తెలిసింది ఇప్పుడు.

మాస్టారు ఒక్క అవకాశం ఇచ్చారు. "మీ పిన్ని గారి చెయ్యి కాగితం మీదికి తీసుకురా, అప్పుడు చూద్దాం," అన్నారు. ఎంత తీశావు? ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపావు? వెంటనే రాయి.

సాయిశ్రీ


ఉయ్యూరు
డిసెంబరు 3

సాయిశ్రీకి,

తప్పు గీసింది నువ్వు. సరిచేసింది నేను. నేరం నాదా? బాగుంది.

నా బల్ల మీదికి వచ్చిన గుడ్డ వంకరగా బయటికి పోవడం నేనెరగను. ఎంత తీశానంటే నాకేం తెలుసు? చెయ్యి కత్తిరించాక ముందుకొచ్చే వైపు ఎత్తిపట్టి కాస్త లోతుగా తీస్తా. ఆ కాస్త ఎంతో కత్తెరకి తెలుసు, నన్నడిగితే నేనేం చెప్పను? మనిషిని బట్టి, గుడ్డని బట్టి.

ఇంకో మాట. మీ మాస్టారు నా చెయ్యి కాగితం మీద కావాలన్నారు. ఎందుకు? కాగితం మీదికెక్కితే అది ఛాయాదేవి చెయ్యి అవుతుందా, మీ యూనిట్ చెయ్యి అవుతుందా? పెనమలూరు నుంచి కూడా నా దగ్గరికి వస్తున్నారంటే ఆ చెయ్యి కోసమే. నేనా వినపడని మనిషిని, కొత్తవాళ్ళతో నాలుగు మాటలు కలుపుకోలేను. నా దగ్గరున్నది అదొక్కటే. అది కూడా గీసిచ్చెయ్యమంటావా?

జాకెట్లు చాలా ఉన్నాయి. ఉంటా.

ఛాయాదేవి


వన్ టౌన్
డిసెంబరు 6

పిన్నీ,

నీకు కోపమొస్తే సాయి కాస్తా సాయిశ్రీ అయిపోతుంది. నాకు కోపమొస్తే నోరు పోతుంది. ఇద్దరం ఇద్దరమే.

ఒక్కటి అడుగుతా. పదో తరగతి సెలవుల్లో నేర్చుకుంటానని నీ దగ్గరికొచ్చా, గుర్తుందా? "చూసి నేర్చుకో," అన్నావు. వేసవంతా నీ వెనక స్టూలు మీద కూర్చుని చూశా. నీ బల్ల గోడకి ఆనించి ఉంటుంది. నాకు కనపడింది నీ వీపు పిన్నీ. చేతులు కాదు. అందుకే నేను చెత్తబుట్ట దగ్గర నేర్చుకోవాల్సొచ్చింది.

నీ దగ్గరికొచ్చేవాళ్ళు ఆ వంపు కోసం రారు. వాళ్ళ ఒళ్ళు నీకు గుర్తుంటుందని వస్తారు. అది ఏ కాగితం మీదా పట్టదు. వంపు పడుతుంది. పట్టకపోతే నీతోనే పోతుంది. ఇంతకన్నా మెత్తగా రాయడం నాకు రాదు.

చేస్తావా? నా తప్పు కాగితం మళ్ళీ పంపుతున్నా, దాన్ని తప్పుగానే ఒక జాకెట్టు కుట్టు. నీ ఇష్టప్రకారం ఇంకోటి కుట్టు. రెండూ విప్పి ఒకదాని మీద ఒకటి పరిస్తే ఆ కాస్త ఎంతో నీకే కనపడుతుంది. మార్త గారికి క్షమాపణ చెప్పా. "గట్టిగా అరిచావుగా, అంత గట్టిగా చెప్పు," అన్నారు. చెప్పా. అందరూ చప్పట్లు కొట్టారు, సిగ్గుతో చచ్చా.

సాయి


ఉయ్యూరు
డిసెంబరు 12

సాయీ,

తప్పు జాకెట్టు కుట్టడం ఎంత కష్టమో నీకు తెలీదే! ముడత పడుతుందని తెలిసీ సూది దించాలి. కత్తెర దానంతటదే లోపలికి పోతానంటుంది. చివరికి కత్తెర తీసుకెళ్ళి రమాసుందరి గారింట్లో దాచిపెట్టి వచ్చి కుట్టా. ఆవిడ నాకేదో అయిందనుకుని మజ్జిగ తెచ్చిచ్చింది.

రెండూ విప్పి, పాత పేపరు పరిచి, దాని మీద ఒకటి, దీని మీద ఒకటి పెట్టి పెన్సిల్‌తో గీశా. చూద్దును కదా, గీతల మధ్య నెలవంక! ఇన్నేళ్ళుగా నేను తీసి కింద పారేసి ఊడ్చిపోస్తున్న ముక్క అదేనంటే నమ్ముతావా? ఊడ్చేదే గానీ ఒక్కసారైనా చేతిలోకి తీసుకుని చూడలేదు. ఆ పీలిక ఈ ఉత్తరానికే పిన్నుతో గుచ్చా. గీసుకో. కింది కొన దగ్గర మొదలుపెట్టి, నడుమ లోతుకెళ్ళి, పైన గాటు దాకా పోకుండానే ఆగిపోవాలి. ఎంతో చెప్పలేనన్నా కదా, ఇప్పుడు చెప్తున్నా.

ఇంకో సంగతి నువ్వు మర్చిపోయావు, నేను పట్టుకున్నా. ముందు వైపు లోతుగా తీశాక చెయ్యికి ముందూ వెనకా వేరైపోతాయి కదా? ఏది ముందో మార్త గారికి ఎలా తెలుస్తుంది? కుడి చెయ్యి ఎడమకి వేసేస్తే? నాకా బాధ లేదు, కత్తిరించేదాన్నీ కుట్టేదాన్నీ నేనే. అందుకని గాట్లు నేనే పెట్టా, నీ కాగితం మీద, నా కత్తెరతో, అదే తిప్పి పంపుతున్నా. ముందు ఒక గాటు, వెనక రెండు. చంకకి కూడా అలాగే. ఒకటి ఒకటితో, రెండు రెండుతో. గుడ్డివాళ్ళు కూడా తడిమి కుట్టొచ్చు. నేను కనిపెట్టానని అందరికీ చెప్పు.

బల్ల గోడ దగ్గర నుంచి లాగించి వాకిలి వైపు తిప్పించా. ఎండ కళ్ళలో పడుతోంది. పడనీ.

పిన్ని


వన్ టౌన్
డిసెంబరు 20

పిన్నీ పిన్నీ పిన్నీ!

వచ్చింది! బల్ల వచ్చింది! నిలబడే రాస్తున్నా, అక్షరాలు చూసి తిట్టుకోకు.

నీ గాట్లున్న కాగితమే, నెలవంక తీసేశాక, కిందకెళ్ళింది. నేను పైన గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డా. మార్త గారు చెయ్యి ముక్క తీసి, వేలితో అంచు తడిమి, ఒక గాటు దగ్గర ఆగి, తిప్పి రెండు గాట్ల దగ్గర ఆగి, కుట్టేశారట. శాంభవి మెట్ల మీద నుంచి తొంగి చూసి వచ్చి చెప్పింది. ఎవర్నీ అడగలేదు. తలెత్తలేదు.

మాస్టారు బొమ్మకి తొడిగారు. ముడత లేదు! నన్ను వేసుకోమని, రెండు చేతులూ పైకెత్తమని, ముందుకు చాపమని, గాల్లో ఏదో లాగుతున్నట్టు లాగమన్నారు. జాకెట్టు కదిలితేగా!  మాస్టారు బల్ల మీదున్న తన వంపు స్కేలు తీసి నా ముందుకు జరిపారు. అంతే పిన్నీ. చిన్న కత్తెర శాంభవికిచ్చేశా. తిట్టింది.

రెండు గాట్ల సంగతి నువ్వు కనిపెట్టలేదు. అది ముందే ఉంది, వీడియోల్లో చూసీ నేనే పట్టించుకోలేదు. నీకు ఎవరూ చెప్పకుండానే తట్టింది, అది వేరే సంగతి. మార్త గారు నన్ను అడిగారు: "ఆ గాట్లు పెట్టింది నువ్వు కాదు కదా? కోసిన చెయ్యి వేరే," అని. దొరికిపోయా.

ఇప్పుడు నీ వంతు. నీదంటూ ఒక జాకెట్టు, నువ్వే మొత్తం గీసి పంపు. నేను కుడతా. కాగితంలో ఏముందో అదే కుడతా. సొంత తెలివి వాడను, ఒట్టు.

బల్ల దగ్గర నుంచి,
సాయిశ్రీ


ఉయ్యూరు
డిసెంబరు 29

సాయీ,

ముందే ఉంటే ఉండనీ. నేనూ కనిపెట్టా.

ఇదిగో నా కాగితం. మెడ ఎత్తుగా వచ్చే జాకెట్టు, మా పెళ్ళిళ్ళకి నేను కుట్టేది. బాణం పెట్టా, మడత పెట్టా, గాట్లు పెట్టా. గీస్తుంటే వాకిట్లో ఇద్దరు ఆడపిల్లలు నిలబడి చూశారు. పొమ్మనలేదు.

నోరు మూసుకుని కుట్టు. నాలాగా చెయ్యకు.

పిన్ని


వన్ టౌన్
జనవరి 4

పిన్నీ,

నీ జాకెట్టు కుట్టా. ఆదివారం పూట, మార్త గారి మిషన్ మీద. గాటుకి గాటు పెట్టా, చుక్కల గీత దాటలేదు. వేసుకుని బెంజ్ సర్కిల్ దాకా తిరిగొచ్చా. బస్సులో ఒకావిడ ఎక్కడ కుట్టించావని అడిగింది. ఉయ్యూరు అని చెప్పా, మీ వీధి కూడా చెప్పా. మాట నిలబెట్టుకున్నానని పొంగిపోతూ ఉత్తరం రాద్దామని కూర్చున్నా.

ముందు మిషన్ కింద ఊడుద్దామని వంగితే ఒక పీలిక దొరికింది. సన్నగా, నీ గుడ్డదే. ఎక్కడిదా అని కాగితం పరిచి చూశా. పక్క కుట్టు దగ్గర నీ వెనక భాగం ముందు భాగం కంటే కాస్త పొడుగు గీశావు. కింద మిగిలింది. నేను కత్తిరించేశా. ఎప్పుడు కత్తిరించానో నాకు గుర్తు లేదు. ఒట్టు, చెయ్యి దానంతటదే చేసేసింది.

నీ మీద అరిచిన అరుపులన్నీ వెనక్కి తీసుకుంటున్నా.

పీలిక ఇక్కడ గుచ్చా. గుడ్డ నేను సరిచేశాలే, నువ్వు కాగితం సరిచెయ్యి.

సాయి